మెదడులో తిత్తికి వైద్యం, హాస్టలుకు ధ్రువపత్రం: నా అనుభవం

విజయవాడలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ, నగరంలోనే ఒక మహిళల హాస్టల్లో ఉంటున్న నాకు ఈ వేసవిలో మొదటిసారి మూర్ఛ వచ్చింది. బోర్డు మీద రాస్తుండగా కుడిచేతి బొటనవేలు దానంతట అది కొట్టుకోవడం మొదలైంది, సుద్దముక్క జారిపోయింది, ఆ అదురు మోచేయి దాటి భుజం దాకా పాకిన తర్వాత నాకు స్పృహ తప్పింది. సహోద్యోగులు సూర్యారావుపేటలోని ఒక న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లారు. రక్తపరీక్షలు, ఈఈజీ అనే మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష, కాంట్రాస్టు మందు ఎక్కించి తీసే ఎమ్మారై స్కాను ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయ్యాయి.

ఎమ్మారై ఫిల్ములో మెదడు ఎడమవైపు, కుడిచేతి కదలికలను నడిపించే చోట, ఒక తెల్లని ఉంగరం, దాని లోపల ఒక చుక్క కనిపించాయి. ఆ ఉంగరం బద్దెపురుగు (టేప్‌వర్మ్) లార్వా, అంటే దాని పిల్లదశ, ఉన్న తిత్తి అనీ, చుక్క ఆ లార్వా తల అనీ, వ్యాధి పేరు న్యూరోసిస్టిసెర్కోసిస్ అనీ డాక్టరుగారు చెప్పారు. ఒకప్పుడు మన దేశంలో మూర్ఛరోగుల స్కానుల్లో కనిపించే ఇటువంటి ఒంటరి మచ్చలను క్షయ గడ్డలుగా భావించి నెలల తరబడి క్షయ మందులు వాడించేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో వేదాంతం రాజశేఖర్, ఆయన సహచరులు శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను పరీక్షించి, వాటిలో అధికభాగం ఈ తిత్తులేనని నిరూపించారు. తిత్తిని స్కానులోనే పోల్చుకోవడానికి మచ్చ 20 మిల్లీమీటర్లకు మించకపోవడం వంటి గుర్తులను కూడా వారే నిర్దేశించారు. ఆ కృషి వల్ల నాలాంటి వారికి అనవసరపు మందులు, అనవసరపు శస్త్రచికిత్స తప్పుతున్నాయి.

లార్వా బతికి ఉన్నంతకాలం శరీరపు రక్షణవ్యవస్థను అణచి ఉంచుతుంది కనుక, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అది బలహీనపడి చావడం మొదలైనప్పుడు రక్షణకణాలు తిత్తిని చుట్టుముడతాయి, చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపులో చిక్కుకున్న నాడీకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా సంకేతాలు పంపుతాయి. దాని ఫలితమే మూర్ఛ. లార్వాలలో గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనం ఉందనీ, అది నేరుగా నాడీకణాలను రెచ్చగొట్టగలదనీ కేప్‌టౌన్ పరిశోధకులు ఇటీవల ప్రయోగశాలలో చూపించారు. పురుగును చంపే మందు ఈ వాపును ఇంకా పెంచగలదు. అందుకే ముందుగా కంటి లోపల తిత్తి లేదని పరీక్షించి, వాపు తగ్గించే స్టెరాయిడు మొదలుపెట్టి, ఆ తర్వాతే పురుగును చంపే ఆల్బెండజోల్ ఇచ్చారు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ కూడా రాశారు. మూర్ఛ వచ్చినవారు స్కాను లేకుండా ఆల్బెండజోల్‌ను నులిపురుగుల మాత్ర కదా అని దుకాణంలో కొని మింగడం ప్రమాదకరమని ఈ సందర్భంగా గట్టిగా చెబుతున్నాను.

వైద్యం ఇంతవరకు సాఫీగా సాగింది. అసలు బాధ నేను హాస్టలుకు తిరిగి వెళ్లాక మొదలైంది. నా రిపోర్టును ఎవరో చదివి వార్డెనుకు చెప్పారు. నా పెట్టె, పరుపు అప్పటికే మెట్ల కింద ఉన్నాయి, భోజనశాలలో నా పళ్లెం మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసి ఉంది. అందరూ తింటుండగా వార్డెను, "నీ తలలో పురుగులున్నాయంట కదమ్మా, పంది మాంసం తింటావా నువ్వు?" అని అడిగారు. మాది గుడ్డు కూడా వండని ఇల్లు. అయితే తినేవారిని కూడా అలా అడిగే హక్కు ఎవరికీ లేదు. పైగా ఆ ప్రశ్నే తప్పు. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి రావాలంటే, అటువంటి పురుగు ఉన్న మనిషి మలం ద్వారా బయటపడిన గుడ్లు, కడగని చేతుల నుంచో కలుషితమైన నీటి నుంచో పచ్చి కూరల నుంచో మన నోట్లోకి చేరాలి. పంది మాంసం ముట్టని న్యూయార్క్ యూదు కుటుంబాల్లో ఇదే వ్యాధి బయటపడిన సంగతి 1992లో వైద్యపత్రికలో వచ్చింది. వారి ఇళ్లలో పనిచేసేవారిలో ఒకరికి బద్దెపురుగు ఉన్నట్లు అప్పట్లో తేలింది.

అంటువ్యాధి కాదని ధ్రువపత్రం తెస్తేనే గది ఇస్తామన్నారు. మా డాక్టరుగారు రాసిచ్చిన పత్రాన్ని చూసి, అందులో "పురుగు లేదు" అని రాయలేదన్నారు, ప్రభుత్వ వైద్యుల సంతకం కావాలన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గుమాస్తా అటువంటి ఫారమే తమ దగ్గర లేదని, తల కూడా ఎత్తకుండా నన్ను పంపించేశాడు. చివరకు అక్కడి యువ వైద్యురాలు ఒకరు నాకు మలపరీక్ష చేయించి, గుడ్లు లేవని తేలాక, ఓపీ చీటీ వెనుక తన చేతిరాతతో "ఈమె వల్ల ఇతరులకు ఈ వ్యాధి సోకదు" అని రాసి సంతకం చేశారు. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ చీటీతో పాటు హాస్టలు యాజమాన్యానికి నేనొక లేఖ ఇచ్చాను. మెదడులో తిత్తి ఉన్న మనిషి ఆ తిత్తి వల్ల ఎవరికీ వ్యాధిని అంటించలేదనీ, అంటించగలిగేది పేగులో పురుగు ఉండి, ఆ సంగతి తెలియని మనిషేననీ, కనుక మలపరీక్ష చేయించవలసింది వంటగదిలో పనిచేసేవారికనీ అందులో వివరంగా రాశాను. నాకు ఆ వంటగదిలోనే సోకిందని నేను అనలేదు. పురుగు గుడ్డు కడుపులోకి వెళ్లిన ఎన్నో ఏళ్లకు కూడా మూర్ఛ రావచ్చు. పురుగు ఉన్నట్లు తేలితే నిక్లోసమైడ్ వంటి మందు ఒక్క మోతాదుతో పోతుందనీ, ఎవరినీ ఉద్యోగం నుంచి తీసివేయనక్కరలేదనీ కూడా రాశాను. ఇంత స్పష్టంగా రాసిన లేఖ వారికి అంతకుముందు అంది ఉండదని నా నమ్మకం. జవాబుగా, మా వంటవాళ్లను అవమానిస్తున్నారని వార్డెను కేకలు వేశారు. భోజనశాల చేతులు కడిగే చోట మాత్రం నేనున్నంతకాలం సబ్బు పెట్టలేదు.

నేను గది ఖాళీ చేసి గుంటూరు బ్రాడీపేటలో పిన్నిగారింటికి మారాను. ఇప్పుడు రోజూ రైలులో కళాశాలకు వెళ్లి వస్తున్నాను. ఈ పరిస్థితిలో ఉన్నవారు స్కాను సీడీని, ఫిల్మును తమ దగ్గరే భద్రపరచుకోవాలి. రిపోర్టును హాస్టల్లో ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఫిట్స్ ఆగాయి కదా అని మాత్రలు హఠాత్తుగా మానవద్దు.

గత వారం మళ్లీ తీసిన స్కానులో ఉంగరం లేదు, వాపు తగ్గింది, చచ్చిన తిత్తి గట్టిపడగా సున్నపు చుక్క ఒకటి మిగిలింది. ఆ చుక్క చుట్టూ మళ్లీ వాపు వచ్చి మూర్ఛకు కారణం కావచ్చు కనుక, లెవెటిరాసెటమ్ రెండు పూటలా కొనసాగుతోంది. హాస్టలు వారు నా అడ్వాన్సులో ఒక నెల అద్దె మినహాయించుకుని మిగిలింది ఇస్తామంటున్నారు. నన్ను బయటికి పంపింది వారే కనుక, మొత్తం ఇవ్వవలసిందేనని రిజిస్టరు పోస్టులో రాశాను.