ఫీవర్ కేమ్ టు మీ

లీవు లెటర్లో 'ఫీవర్ కేమ్ టు మీ' అని రాయనివాళ్లు మన బ్యాచ్‌లో ఉండరు. ఇంగ్లీషు మాస్టారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకునేవారు కాదు. బోర్డు మీద పైన 'నాకు జ్వరం వచ్చింది', దాని కింద 'ఐ హావ్ ఎ ఫీవర్' రాసేవారు. పై వాక్యంలో జ్వరం కర్త, కింది దాంట్లో 'నేను' కర్త అని బాణం గీసేవారు. ఆకలీ కోపం జ్వరం తెలుగులో మన మీదికి వస్తాయి, ఇంగ్లీషులో వాక్యం మనతో మొదలవుతుంది. ఆ బాణం ఒక్కటి అర్థమైతే 'టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్' కూడా దానితోనే దారికొస్తుంది. రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే హిందీ పిల్లలకీ అది పనికొచ్చేది. వాళ్లదీ 'ముఝే బుఖార్ ఆ గయా'యే కదా.

నేనూ టీచరునై ఆ బల్లల మీంచి బోర్డు పక్కకి మారాక ఆ పద్ధతి విలువ తెలిసింది. తప్పు ఏ తెలుగు వాక్యంలోంచి పుట్టిందో పట్టుకుంటే దిద్దడానికి నిమిషం చాలు. 'హి డాక్టర్' అంటే 'ఆయన డాక్టరు'. అక్కడ క్రియే లేదు, 'ఈజ్' ఎక్కడినుంచి వస్తుంది? చెల్లెల్ని 'ఇట్ కేమ్' అనేస్తే ఇంట్లో 'అది వచ్చింది' అనే అలవాటు. 'తెలుగులో మాట్లాడితే రూపాయి ఫైన్' అనే బడులు ఈ ఊళ్లో చాలా ఉండేవి. దానివల్ల ఇంగ్లీషు రాదు, పిల్లలు నోరు మూసుకుంటారంతే.

మాస్టారి అసలు పనితనం శుక్రవారం పీరియడ్లో కనిపించేది. దాన్ని డిక్టోగ్లాస్ అంటారని చాలా ఏళ్లకి తెలిసింది. నాలుగైదు వాక్యాలు, అరవై పదాలకు మించని పేరా. కొత్త మాటలు నాలుగే, అవి ముందే బోర్డు మీద ఉంటాయి. మొదటిసారి చదివేటప్పుడు పెన్నులు కింద పెట్టాలి. రెండోసారి ముఖ్యమైన మాటలే రాసుకోవాలి. తరవాత నలుగురేసి కూర్చుని పేరాని మళ్లీ కట్టాలి. అచ్చు అదే రానక్కర్లేదు, అర్థమూ వ్యాకరణమూ నిలబడితే చాలు.

మా విశాఖ ఫిషింగ్ హార్బర్ పేరా తీసుకోండి: 'ది బోట్స్ కమ్ బ్యాక్ బిఫోర్ సన్‌రైజ్.' సగం గుంపులు 'విల్ కమ్ బ్యాక్' అని రాస్తాయి. ఎందుకంటే బోట్లు రోజూ 'వస్తాయి', రేపూ 'వస్తాయి'. మన క్రియ ఒకటే, ఇంగ్లీషులో రెండు. ఆ మాట మీద గుంపులో తగువు పడనివ్వాలి. తగువు తెలుగులో నడిచినా ఫరవాలేదు, కాగితం మీదికి ఇంగ్లీషు వస్తే చాలు. పాడయ్యేది రెండు చోట్ల. పేరా పొడుగైతే అది జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది. ఫస్టు ర్యాంకువాడి చేతికి పెన్ను ఇస్తే మిగతా ముగ్గురూ కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ చూస్తూ కూర్చుంటారు. రాయడం బాగా రాని పిల్లకే పెన్ను ఇవ్వాలి. మిగిలినవాళ్లు స్పెల్లింగుతో సహా నోటితోనే చెప్పాలి.

సైన్సు మాస్టార్లకి దీనికంత తీరిక ఉండదు. వాళ్లకి వాక్యం చట్రం చాలు: 'వెన్ డాష్ ఈజ్ హీటెడ్, ఇట్ డాష్.' ఇనుము, నీళ్లు, మైనం మార్చి మార్చి చెప్పించాలి. రెండు వారాలయ్యాక చట్రం చెరిపేయాలి. లేకపోతే పిల్లలు దాన్ని వదలరు. ఇప్పటి సర్కారు బడి పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉంటున్నాయి. ముందు తెలుగు పేజీ చదివించి, దాన్ని అట్టతో మూసి, అప్పుడు రెండోది చదివించాలి. రెండూ తెరిచి ఉంచితే కళ్లు తెలుగు వైపే పోతాయి.

ప్రశ్న అడిగాక ఆగడం ఇంకో సంగతి. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతులు గమనిస్తే, టీచర్లు జవాబు కోసం సుమారు ఒక సెకనే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి. మన పిల్లలు ప్రశ్నని తెలుగులోకి తెచ్చుకుని, జవాబు ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. అంచేత మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టడం మంచిది. అప్పటికీ రాకపోతే 'ఇదా, అదా' అని రెండు జవాబులు ముందు పెట్టి అడగాలి.

'ఏటి మాస్టారూ, మా వోడు ఫోన్లో ఇంగ్లీషు దంచేస్తాడు, సోషల్లో మార్కులు రావేటి?' అని అడిగే తండ్రులు ఇప్పటికీ వస్తుంటారు. కబుర్ల ఇంగ్లీషుకి రెండేళ్లు, పాఠాల ఇంగ్లీషుకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కెనడాకి వలస వచ్చిన పిల్లల్ని చూసి తేల్చారు. తండ్రికి కమిన్స్ పేరు చెప్పనక్కర్లేదు. పాఠంలోంచి 'దేర్‌ఫోర్', 'అకార్డింగ్ టు' లాంటి మాటలు ఐదు తీసి, వాటితో వాడి చేత ఐదు వాక్యాలు అక్కడే రాయించి చూపిస్తే చాలు.