చద్ది యూరియా

"ఈ యూరియా ఎప్పటిది?" అని అమెరికా ల్యాబులో అడిగారంటే అది ప్రశ్న కాదు, చీవాట్లు. "నిన్నటిదే" అంటే సీసా తిన్నగా సింకులో బోర్లిస్తారు. చద్దన్నం తిని పెరిగిన ప్రాణానికి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. కెమికల్ పారబోస్తుంటే మనకు ఇండెంటు, సంతకాలు, నెలల ఎదురుచూపు గుర్తొస్తాయి మరి.

కానీ కంటి లెన్స్ పనిలో తిట్టినవాళ్లదే న్యాయం. లెన్స్ నట్టనడుమ ఉండే క్రిస్టాలిన్లు, అంటే లెన్స్ ప్రొటీన్లు, తల్లి కడుపులో ఉండగా తయారైనవి. వాటి చోట కొత్తవి రావు. డెబ్బై ఏళ్ల మార్పులూ వాటి మీదే పేరుకుంటాయి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మనం వెతికేది ఆ మార్పులనే. ముసలి లెన్స్‌లో నీటికి కరగని భాగాన్ని 8 మోలార్ గాఢత ఉన్న యూరియా ద్రావణంలో కరిగిస్తాం. నిలవున్న యూరియా ద్రావణంలో సయనేట్ అనే మరో రసాయనం పుడుతుంది. అది ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికీ, ప్రొటీన్ మొదటి కొసకీ అంటుకుని 43.006 డాల్టన్ల (అణువుల బరువు కొలత) బరువు పెంచుతుంది. ఒంట్లోని యూరియా ఏళ్ల తరబడి చేసేదీ అదే! ఆ 43 కంటిదా, సీసాదా? అది చెప్పడం యంత్రం వల్ల కాదు. పైగా అలా మూసుకుపోయిన లైసిన్ దగ్గర, ప్రొటీన్‌ని ముక్కలు కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ కోయదు.

వేడి చేయడం ఇంకా పెద్ద తప్పు, సయనేట్ మరీ త్వరగా పుడుతుంది. 10 మి.లీ.కి 4.8 గ్రాములు తూచి ముందు 6 మి.లీ. నీళ్లే పోయాలి, కరిగాక మిగతాది. కరుగుతూ యూరియా వేడిని లాగేసుకుంటుంది, గొట్టం చల్లబడుతుంది, చెయ్యి దానంతటదే 60 డిగ్రీల నీళ్లవైపు పోతుంది. పోనివ్వకూడదు, ఓపిగ్గా తిప్పాలి. అమోనియం బైకార్బనేట్ ఉంటే సయనేట్ కొంత దానితో సరిపెట్టుకుంటుంది. ట్రిప్సిన్‌కి ముందు యూరియా 1 మోలార్‌కి పలచబడాలి. 50 మైక్రోగ్రాముల ప్రొటీన్‌కి 1 మైక్రోగ్రాము ట్రిప్సిన్ చాలు. రాత్రంతా 37 డిగ్రీల్లో వదిలేస్తే ఆస్పరజిన్ అనే మరో అమైనో ఆమ్లం రూపు మారడం (డీఅమైడేషన్) కూడా పెరిగి 0.984 డాల్టన్లు కలుస్తుంది, అదీ వయసు గుర్తే. అందుకే బ్యాక్టీరియాలో తయారైన క్రిస్టాలిన్‌నీ పక్కనే ఇదే దారిలో నడిపించాలి. దాంట్లో కనబడ్డ 43 మన పుణ్యమే.

అయినా మనవైపు నుంచి ఒక మాట. ఇక్కడ అమెరికాలో ఫేకో అనే అల్ట్రాసౌండ్ పద్ధతితో శుక్లాన్ని కంట్లోనే ముక్కలు చేసి పీల్చేస్తారు, పూర్తి లెన్స్ కావాలంటే ఐ బ్యాంకే దిక్కు. మన ఊళ్లలో చిన్నకోత ఆపరేషన్‌లో ముదిరిన గోధుమరంగు గింజ ఒక్క ముక్కగా బయటికొస్తుంది. మైనస్ 80 డిగ్రీల్లో దాచి, నడుమ వేరు, పైపొరలు వేరు తీసి తూచుకోవచ్చు. ఆ సరుకు చూస్తే, సీసా బోర్లించినవాళ్లకీ కళ్లు కుడతాయి.