ముఖానికి అతికే కర్ర మాస్కు: స్కాన్ నుంచి సీఎన్‌సీ దాకా నా అనుభవం

వరంగల్, హనుమకొండల్లో తలుపుల మీద నెమళ్లు, దేవుడి బొమ్మలు చెక్కే సీఎన్‌సీ రౌటర్లకు (కంప్యూటర్ ఫైలు ప్రకారం కర్ర చెక్కే మిషన్లకు) కొదవ లేదు. ఒకరి ముఖానికి సరిగ్గా కూర్చునే కర్ర మాస్కును ఆ మిషన్ల మీదే చేయించవచ్చు. చిక్కల్లా ఒకటే. తలుపు ఒక వైపు చెక్కితే సరిపోతుంది, మాస్కును రెండు వైపులా చెక్కాలి. లోపలి వైపు ముఖానికి అతకాలి, బయట బొమ్మ రావాలి, మధ్యలో మందం ఎక్కడా తేడా రాకూడదు. నేను పడ్డ శ్రమలో సగం ఈ మందం కోసమే.

ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్ ముందు కెమెరా లోతును కూడా చదువుతుంది కాబట్టి స్కాన్ అసలు కొలతల్లోనే వస్తుంది. మామూలు ఫోన్ అయితే ముఖం చుట్టూ అరవై ఎనభై ఫొటోలు తీసి ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి 3డీ ఆకారం తీయడం) చేయాలి. ఆకారం బాగానే వస్తుంది గానీ సైజు రాదు. నుదుటికి పది రూపాయల బిళ్ల అంటించి తీస్తే (దాని వ్యాసం 27 మి.మీ.) ఒక ఆధారం దొరుకుతుంది. దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. బిళ్ల దగ్గర అర మిల్లీమీటరు తేడా పడితే 150 మి.మీ. ముఖం వెడల్పులో అది దాదాపు 3 మి.మీ. అవుతుంది. రెండు కళ్ల బయటి మూలల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి సరిచూడాలి. స్కాన్ కూర్చుని, తల గోడకు ఆనించి, కళ్లు మూసుకుని తీయాలి. పడుకుంటే చెంపలు చెవుల వైపు జారతాయి. ముఖం జిడ్డుగా మెరిస్తే కాస్త పౌడర్ రాయాలి.

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ముక్కు రంధ్రాలు, కనురెప్పల మడతలు, గడ్డం కింది భాగం పూడ్చేశాను. మూడు అక్షాల మిషన్ బిట్టు (చెక్కే కత్తి) పైనుంచే దిగుతుంది, లోపలికి తిరిగిన చోటికి పోలేదు. తర్వాత ముఖాన్ని 3 మి.మీ. ఉబ్బించాలి, అందులో సగం లోపల అంటించే గుడ్డకే పోతుంది. మాస్కు పెట్టుకుని మాట్లాడాలంటే దవడ దగ్గర 6 మి.మీ. వదలాలి. పక్కలను చెవులకు చాలా ముందే కోసి మొత్తం లోతు 70 మి.మీ. దాటకుండా చూసుకున్నాను. బిట్టు పొడవు అంతకు తక్కువైతే దాన్ని బిగించే కొల్లెట్ నట్టు పక్క గోడకు తగులుతుంది. షాపులో ముందు అడగాల్సింది ఇదే.

కర్ర కంటే ముందు గట్టి థర్మాకోల్‌లో లోపలి వైపు మాత్రం చెక్కించి చూడాలి. కొబ్బరినూనెలో కలిపిన కుంకుమ ముఖానికి పల్చగా రాసి, మాస్కు నొక్కి తీస్తే ఆనిన చోట ఎర్రగా అంటుకుంటుంది. ఎక్కువగా ముక్కు దూలం, చెక్కిలి ఎముకలే పట్టేస్తాయి. ఫైలులో అక్కడ మాత్రం ఇంకో మిల్లీమీటరు తీసేస్తే చాలు, మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

కర్రకు నా ఓటు గుమ్మడి టేకుకే. తేలిక, పెద్దగా వంకర పోదు. అసలు టేకు బిట్టును త్వరగా మొద్దుబారుస్తుంది, కొందరికి చర్మం మీద దురద కూడా పెడుతుంది. నిర్మల్ బొమ్మల పొనికి మెత్తటిది, కానీ బజారులో దొరకడం కష్టం. పలకలను ఫెవికాల్‌తో అతికి దిమ్మ చేసి, రెండు ముఖాలూ సమాంతరంగా చదును చేయించాలి.

నడిగీత మీద పైనొకటి, కిందొకటి 8 మి.మీ. రంధ్రాలు దిమ్మలోంచి కింది బోర్డులోకి దిగాలి. దిమ్మను కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు వాటిలోనే. ముందు లోపలి వైపు చెక్కి, ఆ గీత మీదే దిమ్మను ఎడమ నుంచి కుడికి తిప్పాలి. తలుపులు చేసే ఆపరేటర్లు అలవాటుగా ప్రతిసారీ కర్ర పైముఖం మీద జీరో (లోతు కొలత మొదలయ్యే చోటు) పెడతారు. ఇక్కడ లోపలి వైపుకు అలాగే పెట్టినా, తిప్పాక ఆ ముఖమే కింది బోర్డుకు ఆనుతుంది కాబట్టి జీరో బోర్డు మీద ఉండాలి, లేకపోతే దిమ్మ మందంలో 2 మి.మీ. తేడా ఉన్నా 6 మి.మీ. అనుకున్న మందం కాస్తా నాలుగో, ఎనిమిదో అవుతుంది. తిప్పే ముందే బోలు భాగంలో ప్లాస్టిక్ కవరు పరిచి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి గట్టిపడనిస్తే, తర్వాత పల్చటి గోడ అదరదు. మాస్కును చుట్టూ మిగిలిన కర్ర ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న వంతెనలు (ట్యాబులు) 8 మి.మీ. మందాన ఉంచాలి.

రఫింగ్‌కు (ముందుగా మోటుగా చెక్కడానికి) 6 మి.మీ. ఫ్లాట్ బిట్టు, ఒక్కో పాసుకు 3 మి.మీ., పైన 0.8 మి.మీ. వదిలేయాలి. వీలైతే రఫింగ్ అయ్యాక దిమ్మను ఒకట్రెండు రోజులు పక్కన పెట్టాలి. లోపలి బిగువు వదిలి కర్ర వంగేదేదో ఫినిషింగ్‌కు ముందే వంగుతుంది. ఫినిషింగ్ 6 మి.మీ. బాల్‌నోస్ (గుండ్రటి కొన) బిట్టుతో. స్టెప్‌ఓవర్ (బిట్టు ఒక్కో గీతకు పక్కకు జరిగే దూరం) 1 మి.మీ. పెడితే చదునైన చోట గీతల ఎత్తు 0.04 మి.మీ., అర మిల్లీమీటరు పెడితే 0.01. లోపలికి 1 మి.మీ. చాలు, అక్కడ టైము పోసుకోవడం దండగ. అయితే 60 డిగ్రీల వాలున్న చెంపల మీద గీతల మధ్య దూరం రెట్టింపు అవుతుంది, అందుకే బయటి వైపు బిట్టును అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నడిపించాను.

పగుళ్లు పూడ్చడానికి చేర్యాల మాస్కుల వాళ్ల పద్ధతే మేలు: రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి పూయడం, ఆరాక ఎమరీ పేపరు, ఆపైన రంగు. తాడు రంధ్రాలు కణతల ఎత్తులో ఉండాలి. చెవుల ఎత్తులో పెడితే బరువుకు మాస్కు కిందికి జారి, కంటి రంధ్రాలు చెంపల మీదికి వస్తాయి.