బతుకమ్మ రంగుల ఊలు దుప్పటి

నల్లగొండలోని మా ఇంట్లో చలికాలమంటే అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతే గుర్తుకు వచ్చేది. ఇప్పుడు దాని పక్కన నేను క్రోషియాతో అల్లిన రంగురంగుల ఊలు దుప్పటి కూడా చేరింది. నాలుగు గొలుసు కుట్లను వలయంగా కలిపి, దాని చుట్టూ మూడేసి పొడుగు కుట్ల గుత్తులు వేస్తూ, ప్రతి మూలలో రెండేసి గుత్తులు పెడితే చదరం తయారవుతుంది. నాలుగు అంగుళాల చదరాలను అడ్డంగా 12, నిలువుగా 15 చొప్పున, అంటే మొత్తం 180 కలిపితే ఒకరు హాయిగా కప్పుకోవచ్చు.

లెక్క తేలికే, ఆనందమూ అవస్థా రంగుల ఎంపికలోనే ఉన్నాయి. బతుకమ్మను పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకొని, నడుమ తంగేడు పసుపు, చుట్టూ బంతి నారింజ, ఆపైన కట్ల పువ్వు నీలం, అంచుకు గునుగు తెలుపు వేశాను. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు కనుక తరువాత మనసు మార్చుకునే వీలుండదు; క్రోషియాలో మాత్రం నచ్చని వరుసను దారం లాగి క్షణంలో విప్పేయవచ్చు. (అల్లడం కంటే విప్పడమే ఎక్కువ చేస్తున్నానని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.)

రెండో దుప్పటికి ఇప్పటికి 41 చదరాలు పూర్తయ్యాయి. నీలం ఊలు మాత్రం అప్పుడే అయిపోయింది.