దిష్టి వేరు, చేతబడి వేరు
ఎండుమిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి కానీ ఘాటు రాలేదు. "చూశావా ఎంత దిష్టి ఉందో" అంది అమ్మమ్మ. చెల్లి కొడుక్కి జ్వరం, అందుకని ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి తీసింది.

అక్కడిదాకా నాకూ ఇష్టమే, అందులో పిల్లాడి మీద బెంగ తప్ప ఎవరి మీదా కోపం లేదు.

కానీ పక్కింటి పిన్ని వచ్చి "ఇది దిష్టి కాదు అత్తమ్మా, ఎవరో చేయించారు" అని వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ పేరు ఎత్తింది. ఒళ్లు మండిపోయింది. ఇంకోసారి ఆ మాట అనొద్దని గట్టిగానే చెప్పా. చేతబడి, బాణామతి అంటూ మనుషుల్ని కొట్టి చంపేదాకా వెళ్లేది ఇలాంటి గుసగుసలతోనే కదా.

మన గ్రంథాల్లో ఇవి లేవా అంటే ఉన్నాయి. అథర్వవేదంలో జ్వరం పోగొట్టే మంత్రాలున్నాయి, ఎవరో చేసిన ప్రయోగాన్ని తిప్పికొట్టేవీ ఉన్నాయి. పతంజలి అయితే యోగసూత్రాల మూడో పాదంలో సిద్ధుల గురించి, అంటే యోగసాధనతో వచ్చే అతీత శక్తుల గురించి, అంత వివరంగా చెప్తూనే, ఇవి సమాధికి అడ్డంకులు అనేశాడు. శక్తులు ఉన్నాయని నమ్మినాయనే వాటి దగ్గర ఆగిపోవద్దన్నాడు చూడండి, నాకు అది చాలా పెద్ద మాట.

మహారాష్ట్రలో 2013లో చేతబడి, నరబలి లాంటివాటి మీద చట్టం తెచ్చారు, అదీ దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని ఆగస్టులో కాల్చి చంపాక. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిది కావాలి. దీని మీద పనిచేస్తున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి, నేనూ వస్తా.