కడుపుతో ఉన్నప్పుడు గుండె మాత్రలు: నా అనుభవం

నాకు ఎస్‌వీటీ అనే గుండె దడ జబ్బు ఉంది. ఉన్నట్టుండి గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటుంది. కాసేపటికి ఆ దడ ఠక్కున పోతుంది. అది రాకుండా ఏళ్ల తరబడి ఎటెనలాల్ వాడాను. పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పగానే కార్డియాలజిస్టు ముందు దాన్నే మార్చారు. గర్భంలో ఎటెనలాల్ వాడితే బిడ్డ ఎదుగుదల తగ్గే ప్రమాదం ఉందట. బదులుగా మెటోప్రొలాల్ రాశారు. దానికీ బిడ్డ బరువు మీద ఓ కన్నేసి ఉంచాల్సిందేనన్నారు.

నెల తప్పాక అసలు తలనొప్పి మొదలైంది. మలక్‌పేటలో గైనకాలజిస్టు "గుండె మందు సంగతి వాళ్లనే అడగండి" అంటారు. పంజగుట్టలో కార్డియాలజిస్టు "గైనకాలజిస్టు సరేనంటే వాడండి" అంటారు. మధ్యలో ఫైలు ఒళ్లో పెట్టుకుని మెట్రోలో నేను. ఇంటికొస్తే మా అత్తయ్య: "కడుపుతో ఉండి ఇంగ్లిష్ మందులేంటమ్మా, మానెయ్."

మాత్రల డబ్బాలో కాగితం చదివితే ఎవరికైనా మానేయాలనే అనిపిస్తుంది. కానీ ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే దడ తిరగబెట్టొచ్చు. దడ ఎక్కువసేపు ఉండి బీపీ పడిపోతే బిడ్డకు వెళ్లే రక్తమూ తగ్గుతుంది. ఇది మా అత్తయ్యకు చెప్పడానికే సగం ఓపిక అయిపోయింది.

చివరికి కార్డియాలజిస్టును లెటర్‌హెడ్ మీద రాసిమ్మన్నాను: ఏ మందు, ఎంత డోసు, దడ వస్తే ఏం చేయాలి, ఏది ఇవ్వకూడదు. ఎమియోడరోన్ అనే మరో గుండె మందు వేరే దారి లేనప్పుడే అని కింద గీత గీశారు. అందులో అయోడిన్ ఎక్కువ, బిడ్డ థైరాయిడ్ దెబ్బతినొచ్చు. పైగా ఆపినా వారాలు, నెలలు ఒంట్లోనే ఉంటుంది.

ఆ కాగితం ఏడో నెలలో పనికొచ్చింది. రాత్రి దడ మొదలై ఎంతకీ తగ్గలేదు. అలా ఊదితే దడ ఆగొచ్చని క్యాజువాలిటీలో ఖాళీ సిరంజి ఇచ్చి గట్టిగా ఊదమన్నారు, తగ్గలేదు. దడను ఆపే ఎడినోసిన్ ఇంజెక్షన్ ఇవ్వడానికి డ్యూటీ డాక్టర్ తటపటాయిస్తుంటే మా ఆయన లెటర్ చూపించారు. ఆ మందు కొన్ని సెకన్లలోనే విరిగిపోతుంది, బిడ్డ దాకా వెళ్లేంత వ్యవధి ఉండదు. ఇంజెక్షన్ పడగానే ఛాతీ బిగుసుకుపోయి, చచ్చిపోతున్నానేమో అనిపించింది. మానిటర్ మీద గీత క్షణంపాటు చదునైపోయింది. నాకంటే మా ఆయన ముఖమే ఎక్కువ పాలిపోయింది. తర్వాత గుండె 90కి దిగింది.

ఆ తర్వాత గ్రోత్ స్కాన్లు తరచుగా తీశారు. పాప కాస్త తక్కువ బరువుతోనే పుట్టింది. నా మాత్ర ప్రభావంతో షుగర్ పడిపోవచ్చని, గుండె నెమ్మదించొచ్చని మొదటిరోజంతా మడమ గుచ్చి షుగర్ చూస్తూ, గుండె వేగం గమనిస్తూనే ఉన్నారు. ఏమీ కాలేదు. మెటోప్రొలాల్ పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుందని చెప్పి పాలివ్వమన్నారు.

రెండో కాన్పు అనుకుంటే ముందే అబ్లేషన్ (గుండెలో దడ పుట్టించే చోటును సన్నని తీగతో మాడ్చేసే చికిత్స) చేయించుకోమని కార్డియాలజిస్టు సలహా. మా అత్తయ్యకు మాత్రం అందులో 'రెండో కాన్పు' ఒక్కటే వినిపించింది.