నెట్‌బాల్ ఆడితే ఏమొస్తుందండీ?

కోనసీమ పల్లెల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసేవాడు ఆడపిల్లల తండ్రుల నోట తప్పకుండా వినే ప్రశ్న ఒకటుంది: "మాస్టారండీ, ఈ ఆట ఆడితే మా అమ్మాయికి ఏమొస్తుందండీ?" క్రికెట్ గురించి ఎవరూ అలా అడగరు. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే. దానికి ఉన్నదున్నట్టు బదులు చెప్పాలంటే, నెట్‌బాల్‌నే, అంటే బంతిని చేతులతో అందించుకుంటూ ఎత్తైన స్తంభం మీది వలయంలో వేసే ఏడుగురి జట్ల ఆటనే, బతుకుగా చేసుకున్నవారు ఎలా బతికారో చూడాలి.

ఐరీన్ వాన్ డైక్ 1972లో దక్షిణాఫ్రికాలో పుట్టారు. సొంత దేశం తరఫున 72 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడి, 2000లో న్యూజిలాండ్‌కు తరలివెళ్లి ఆ దేశం తరఫున మరో 145 ఆడారు. 2003లో ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ, 2006, 2010 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్లలోనూ ఆమె ఉన్నారు. ఒక బిడ్డకు తల్లి అయిన తరువాత కూడా ఆడుతూనే ఉండి, నలభై దాటాక 2014లో అంతర్జాతీయ పోటీల నుంచి తప్పుకున్నారు. ఇంతటి క్రీడాకారిణి బడిలో ఉపాధ్యాయురాలిగా కూడా పనిచేశారన్నది నేను తల్లిదండ్రులకు మొదట చెప్పే మాట.

మనకు దగ్గరి ఉదాహరణ తర్జినీ శివలింగం. జాఫ్నా ప్రాంతపు తమిళ అమ్మాయి, ఎత్తు 2.08 మీటర్లు. 2011లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఉత్తమ షూటర్‌గా, అంటే గోల్ వేసే ఆటగత్తెగా, నిలిచి, ఆస్ట్రేలియాలోనూ క్లబ్బు ఆట ఆడారు. 2009లోనూ, 2018లోనూ ఆసియా విజేతగా నిలిచిన శ్రీలంక జట్టులో ఆమె ఉన్నారు. అంత ఎత్తు మా ఊళ్లో ఎవరికీ లేదు, ఉండనవసరం లేదు కూడా. గోల్ వేసే హక్కు జట్టులోని ఏడుగురిలో ఇద్దరికే ఉంటుంది. రెండు గోల్ వలయాల్లోకి తప్ప కోర్టంతా తిరిగే సెంటర్‌కు కావలసింది ఊపిరి, చూపు. మా పిల్లలందరికీ షూటర్ బిబ్ (స్థానం పేరు రాసి చొక్కాపై తొడిగే గుడ్డ) మీదే మోజు, నాకు మాత్రం పొట్టిగా ఉండి అలుపెరగని సెంటర్ మీదే నమ్మకం.

ఇక జీతాల సంగతి. 2017లో మొదలైన ఆస్ట్రేలియా సూపర్ నెట్‌బాల్‌లో ఎనిమిది జట్లు, జట్టుకు పదిమంది చొప్పున ఒప్పందాలు; అంటే ఈ ఆటలో అత్యంత పేరున్న లీగు మొత్తంలో ఉన్నవి ఎనభై కొలువులు. అందుకే మా అమ్మాయిల తండ్రులకు విదేశీ లీగుల ఆశ చూపించను. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో మండలం దాటి జిల్లాకు, జిల్లా దాటి రాష్ట్రానికి వెళితే వచ్చే సర్టిఫికెట్ పైచదువుల్లో స్పోర్ట్స్ కోటాకు అక్కరకు రావచ్చనీ, చదువు మాత్రం ఆపవద్దనీ చెబుతాను. ఒప్పుకునేవారు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి పిల్లలు తొమ్మిదో తరగతిలోనే ఆట మానేస్తారు, వారిలో మంచి ఆటగత్తెలూ ఉంటారు.

నాకు అంతకంటే ఎక్కువ బెంగ మోకాళ్ల గురించి. బంతి పట్టుకున్నాక మూడు సెకన్లలో వదిలేయాలి, దానితో పరుగెత్తకూడదు. కాబట్టి వేగంగా వచ్చి, గాలిలో అందుకుని, ఉన్నచోటే ఆగిపోవాలి. ఆ హఠాత్తు ఆగుడులోనే మోకాలి లోపలి లిగమెంటు తెగుతుంది. అది తెగితే ఆపరేషన్, ఆ పైన నెలల తరబడి విశ్రాంతి. పెద్ద లీగుల్లో క్లబ్బు వైద్యులు చూసుకుంటారు, ఇక్కడ ఆ ఖర్చు కౌలు రైతు నెత్తిన పడుతుంది. పైగా మా కోర్టు, అంటే వంద అడుగుల పొడవు, యాభై అడుగుల వెడల్పున సున్నంతో గీతలు గీసిన నేల, డెల్టా ఒండ్రుమట్టి. వానాకాలం జారుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది.

అందువల్ల మా బడిలో బంతి ముట్టుకోకముందే దూకి దిగడం నేర్పుతాను: రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, అవి లోపలికి ఒరగకూడదు. ఇది నియమాలకూ కలిసివస్తుంది. ఒంటికాలిపై దిగిన పిల్ల రెండో పాదాన్నే ముందుకు వేయగలదు, రెండింటిపై దిగిన పిల్ల ఏ పాదాన్ని ముందుకు వేయాలో తానే ఎంచుకోవచ్చు. జూలై వానలకు కోర్టు బురదైతే వరండాలోని గచ్చు మీదే ఈ సాధన సాగుతుంది, షూటింగ్ మాత్రం నేల ఆరేదాకా వాయిదా.